రోజూ ఫిగర్ డ్రాయింగ్ సాధన చేస్తున్నా, సొంత బొమ్మ మాత్రం కదలడం లేదు

సగంబొమ్మ · ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

ఎనిమిది నెలలుగా రోజూ ఫిగర్ డ్రాయింగ్, అంటే మనుషుల పోజులు చూసి గీయడం, చేస్తున్నాను. పొద్దున్నే 35 నిమిషాలు. 30 సెకన్ల పోజులు పది, నిమిషం పోజులు పది, రెండు నిమిషాలవి ఐదు, చివర్లో పది నిమిషాల బొమ్మ ఒకటి. టైమర్ పెట్టుకుని ఫోటోలు చూసి గీస్తాను. మూడో స్కెచ్‌బుక్ అయిపోవచ్చింది. మొదట్లో అన్నీ కర్రబొమ్మల్లా ఉండేవి. ఇప్పుడు మనిషి ఎటు వాలాడో, బరువు ఏ కాలి మీద వేశాడో గీతలోనే తెలుస్తోంది.

అసలు ఇదంతా మొదలుపెట్టింది ఒక్క బొమ్మ కోసం. ఏడాది పైగా మనసులో ఉన్న బొమ్మ. ఒకావిడ నేల మీద కూర్చుని, ఒక కాలు మడిచి, రెండో పాదాన్ని ఆ తొడ మీదకు లాక్కుని అరికాల్లో ముల్లు తీసుకుంటూ ఉంటుంది. పక్కన ఒక చిన్నపిల్ల నిలబడి వంగి చూస్తుంటుంది. అంతే. పెద్ద కథేమీ లేదు.

ఆ బొమ్మ వేద్దామని కాగితం ముందు కూర్చుంటే చెయ్యి ఆగిపోతోంది. గీస్తాను, చెరిపేస్తాను. రెండు గంటలు గడిచేసరికి కాగితం మసకబారి, పీచు లేచిపోతుంది. మూడు నెలల్లో తొమ్మిది సార్లు మొదలుపెట్టి తొమ్మిదీ వదిలేశాను. ఆ తర్వాత మళ్లీ టైమర్ పెట్టుకుని 30 సెకన్ల పోజులు గీస్తే గానీ మనసు కుదుటపడటం లేదు. సాధన బాగానే సాగుతోంది. దేని కోసం సాధనో అది మాత్రం సాగడం లేదు. ఇలా ఎవరికైనా జరిగిందా?

---

రబ్బరుముక్క · ఆదివారం రాత్రి

జరిగిందండీ. ఇప్పటికీ జరుగుతోంది. నేనైతే వారం రోజులు పెన్సిల్ ముట్టుకోకుండా ఉంటాను. కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు ఆ వారం కాస్తా నెలవుతుంది. మిగతావాళ్లు ఏమంటారో నేనూ చూస్తాను.

---

బొగ్గుపొడి · సోమవారం ఉదయం

సగంబొమ్మ గారూ, మీకు సలహా చెప్పేముందు ఒక లెక్క అడుగుతాను. మీ మూడో స్కెచ్‌బుక్ తీసి, అందులో నేల మీద కూర్చున్న మనుషులు ఎంతమందో లెక్కపెట్టండి. పాదాలు వేళ్లతో సహా పూర్తిగా గీసినవి ఎన్నో, చేతులు ఏదైనా వస్తువును పట్టుకున్నట్టు గీసినవి ఎన్నో కూడా చూడండి.

చాలా ఏళ్లుగా ఫిగర్ క్లాసులు చెబుతున్నాను కాబట్టి అడుగుతున్నాను. 30 సెకన్ల బొమ్మ మీకు ఒకటే నేర్పుతుంది: మనిషిని మొత్తంగా ఒక్క చూపులో పట్టుకోవడం. అది చాలా విలువైన విద్య, తక్కువ చేయడం లేదు. కానీ మీ మనసులో ఉన్న బొమ్మ అడుగుతున్నది అది కాదు. పట్టుకున్న చెయ్యి, తిరిగిన పాదం, వంగిన వీపు. వాటి జోలికి వెళ్లకముందే టైమర్ మోగిపోతుంది. రోజూ అలా మోగుతుంటే ఆ భాగాలు వదిలేయడమే చేతికి అలవాటవుతుంది.

---

సగంబొమ్మ · సోమవారం రాత్రి

లెక్కపెట్టాను. మూడో పుస్తకంలో చివరి 200 బొమ్మలు చూశాను. నేల మీద కూర్చున్నవి 6. పాదం పూర్తిగా గీసినవి 11. చేతులు దాదాపు అన్నీ ముద్దల్లా ఉన్నాయి, వస్తువు పట్టుకున్నవి 4. రోజూ గీస్తున్నాను కదా అని ధైర్యంగా ఉన్నాను. నాకు కావలసింది మాత్రం గీయనే లేదు. కాసేపు చాలా బాధేసింది.

---

బొగ్గుపొడి · సోమవారం రాత్రి

బాధపడకండి, ఆ 200 బొమ్మలూ ఎక్కడికీ పోవు. రెండు వారాలు టైమర్ పక్కన పెట్టండి. ఒకే పోజు, మీ బొమ్మలో ఉన్న పోజు. ఒక్కోసారి గంట చొప్పున, ఒకే కాగితం మీద మూడు నాలుగు సార్లు కూర్చోండి. పాతరోజుల్లో బొమ్మల బడుల్లో ఒక్క ప్లాస్టర్ విగ్రహం ముందు వారాల తరబడి కూర్చోబెట్టేవారు. అంత అక్కర్లేదు గానీ, గీసిన గీతను మర్నాడు కొత్త కళ్లతో చూసి సరిదిద్దే అలవాటు మాత్రం కావాలి. ముప్పై సెకన్లలో తప్పు జరిగితే పేజీ తిప్పేస్తాం. సొంత బొమ్మలో తప్పు జరిగితే దాంతోనే ఉండాలి. మీరు ఆగిపోతున్నది అక్కడేనని నాకు అనిపిస్తోంది.

---

కొత్తపెన్సిల్ · మంగళవారం ఉదయం

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు ఆ 30 సెకన్లే రావడం లేదు. తల గీసి భుజాలు గీసేసరికి టైమ్ అయిపోతుంది. గీతలన్నీ వెంట్రుకల్లా వస్తాయి. ఏం చేయాలి?

---

బొగ్గుపొడి · మంగళవారం ఉదయం

తల నుంచి మొదలుపెట్టకు బాబూ. నడినెత్తి నుంచి బరువు మోస్తున్న పాదం దాకా ఒక్క గీత గియ్యి. అది వంపు గీతే అయి ఉంటుంది. ఆ తర్వాత భుజాలు ఎటు వాలాయి, నడుము ఎటు వాలింది అని రెండు అడ్డగీతలు. మనిషి ఒక కాలి మీద నిలబడితే ఈ రెండూ సాధారణంగా ఒకదానికొకటి ఎదురుగా వాలతాయి. ఆ మూడు గీతలు పడ్డాయంటే నీ 30 సెకన్ల బొమ్మ అయిపోయినట్టే, మిగిలింది ఎంత వస్తే అంత.

వెంట్రుకల గీతలకు కారణం మణికట్టు. పెన్సిల్ మొన దగ్గర కాకుండా వెనక్కి పట్టుకుని, మోచెయ్యి లేపి, భుజం నుంచి గియ్యి. కాగితం పెద్దదైతే సులువు. ఇంకోటి, కాగితం వైపు తక్కువగా చూడు. రోడిన్ శిల్పి కదా, ఆయన మోడళ్లను స్టూడియోలో ఇష్టం వచ్చినట్టు తిరగమని, కళ్లు వాళ్ల మీద నుంచి తీయకుండా, కాగితం చూడకుండా గీసేవాడు. ఆ గీతలు అక్కడక్కడా అదుపు తప్పి ఉంటాయి, అయినా వాటిలో మనిషి బతికే ఉంటాడు.

---

ఎముకలగూడు · మంగళవారం మధ్యాహ్నం

బొమ్మలు నాకు సాయంత్రం పని. పగలంతా మనుషుల నడుములు, మోకాళ్లు చూసే ఉద్యోగం. అందుకే ఈ పోజు గురించి రెండు ముక్కలు చెప్పాలనిపించింది.

సగంబొమ్మ గారూ, మీరు చెరిపేసిన తొమ్మిది బొమ్మల్లో ముల్లు దిగిన కాలి మోకాలు ఎటు ఉందో చూడండి. పైకి నిలబడి ఉందా, పక్కకు వాలి ఉందా? చాలామంది మోకాలిని నిలువుగా పెట్టి, చీలమండ దగ్గర మాత్రం పాదాన్ని మెలితిప్పి అరికాలు చూపిస్తారు. చీలమండ అంత తిరగదు. అరికాలు ముఖం వైపు తిరగాలంటే తుంటి దగ్గర తొడ మొత్తం బయటికి తిరగాలి, మోకాలు నేల వైపు వాలాలి. మీరే ఇప్పుడు కింద కూర్చుని ప్రయత్నించండి, వెంటనే తెలుస్తుంది. మోకాలు తప్పు చోట ఉంటే పాదాన్ని ఎన్నిసార్లు చెరిపినా అది విరిగినట్టే కనిపిస్తుంది.

ఇక వీపు. నిలబడినప్పుడు నడుము దగ్గర లోపలికి ఉండే వంపు, ఇలా వంగి కూర్చున్నప్పుడు పోతుంది. కటి, అంటే తుంటి ఎముకల గూడు, వెనక్కి దొర్లుతుంది, పక్కటెముకల గూడు ముందుకు వాలి కటికి దగ్గరవుతుంది. అందుకే పొట్ట దగ్గర మడతలు, వీపు మీద మాత్రం ఒకే పెద్ద వంపు. మెడ మొదట్లో పైకి పొడుచుకు వచ్చే ఎముక 7వ మెడ వెన్నుపూస. తల దించినప్పుడు అది స్పష్టంగా కనిపిస్తుంది, గుర్తుగా పెట్టుకోవడానికి అంతకన్నా మంచిది దొరకదు. రెండు చేతులూ ముందుకు చాచినప్పుడు భుజం రెక్కలు వెన్ను నుంచి దూరంగా పక్కలకు జరుగుతాయి, వీపు వెడల్పుగా కనిపిస్తుంది.

తలల లెక్క గురించి కూడా. తల పొడవునే కొలతగా తీసుకుంటే, నిలబడిన మనిషి దాదాపు ఏడున్నర తలల ఎత్తు అని అందరూ నేర్చుకుంటారు. కూర్చున్నప్పుడు నేల నుంచి నడినెత్తి దాకా నిటారుగా ఉంటే సుమారు 4 తలలు. వంగితే ఇంకా తగ్గుతుంది. కూర్చున్న మనుషులు బొమ్మల్లో పొడుగ్గా తేలిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

---

సగంబొమ్మ · మంగళవారం రాత్రి

ఎముకలగూడు గారూ, ఇప్పుడే నేల మీద కూర్చుని చూశాను. నా తొమ్మిది బొమ్మల్లో ఏడింటిలో మోకాలు నిలువుగా ఉంది! పాదం కోసం రబ్బరు అరగదీశాను. తప్పు పాదంలో లేనే లేదు.

---

నిలువుగీత · బుధవారం ఉదయం

కూర్చున్న మనిషిని గీయడానికి నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఇది. మనిషిని గీయకండి, మనిషి చుట్టూ ఉన్న ఖాళీలను గీయండి. ఈ పోజులో చేతులు, తొడ, పొట్ట మధ్య ఒక త్రికోణం లాంటి ఖాళీ వస్తుంది. మడిచిన కాలి కింద, నేలకూ పిక్కకూ మధ్య ఒక సన్నని సందు ఉంటుంది. ఆ ఖాళీలకు పేర్లుండవు కాబట్టి మన బుర్ర వాటిని ముందే ఊహించుకోదు. చెయ్యి అనగానే మనకు తెలిసిన చెయ్యి గీసేస్తాం. ఆ త్రికోణాన్ని మాత్రం చూసి గీయాల్సిందే.

రెండోది నిలువు గీత, నా పేరే అది కదా. చెవి నుంచి కిందికి ఒక దారం వేలాడదీసినట్టు ఊహించుకోండి. అది మోకాలి లోపల పడుతోందా, బయట పడుతోందా? చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో కొలవండి. మోచెయ్యి వంచితే కొలత మారిపోతుంది, అది మాత్రం జాగ్రత్త.

ఫోటో తీసుకుని గీసేటట్టయితే దగ్గర నుంచి తీయొద్దు. ఫోన్ పాదం దగ్గర పెడితే పాదం తలంత అవుతుంది. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, జూమ్ చేసి తీయండి.

---

రాత్రిరంగులు · బుధవారం రాత్రి

పెద్దలందరి మీదా గౌరవంతోనే చెబుతున్నాను, నాకు ఇది మోకాలి సమస్యలా అనిపించడం లేదు.

నేను పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. అదే నా జీవనం. ఏడాదిన్నర పాటు ఒక్క సొంత బొమ్మ వేయలేకపోయాను. ఎవరైనా అడిగి వేయించుకుంటే మూడు రోజుల్లో ఇచ్చేసేదాన్ని, అందులో పాదాలూ చేతులూ కూర్చోవడాలూ అన్నీ వచ్చేవి. నా కోసం కూర్చుంటే చాలు, ఏమీ లేదు. కాబట్టి శరీరం గీయడం వచ్చినంత మాత్రాన ఆ తలుపు తెరుచుకోదు. అనాటమీ ఇంకా నేర్చుకోవాలి, ఇంకా నేర్చుకోవాలి అనుకుంటూ పోతే ఆ బొమ్మ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. నాకు అలాగే పోయింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకు దారి దొరికింది చాలా చిన్న బొమ్మలతో. అగ్గిపెట్టె అంత గళ్లు గీసుకుని, ఒక్కో గడిలో ఒక్కో రకంగా అదే దృశ్యం. కళ్లు లేవు, వేళ్లు లేవు. నలుపు ఎక్కడ, తెలుపు ఎక్కడ అన్నది మాత్రమే. ఒక పేజీకి ఇరవై. పదో గడి దాకా అన్నీ ఒకేలా వస్తాయి, ఆ తర్వాత చేతికి విసుగు పుట్టి కొత్తది వెతుక్కుంటుంది.

ఇంకో పద్ధతి కాగితమంతా మెత్తటి బొగ్గుతో రుద్ది, గుడ్డతో అలికి, పిండిలా మెత్తగా ఉండే రబ్బరుతో వెలుగును తీసుకుంటూ పోవడం. తెల్ల కాగితం భయం ఇందులో ఉండదు, ఎందుకంటే తెల్ల కాగితమే లేదు. మసక మచ్చల్లో మనుషులు వాళ్లంతట వాళ్లే కనిపిస్తారు. గోడల మీది మరకలను చూస్తూ ఉంటే దృశ్యాలు, మనుషులు, యుద్ధాలు కనిపిస్తాయని లియొనార్డో డావిన్చీ తన రాతల్లో చిత్రకారులకు చెప్పాడు. ఐదు వందల ఏళ్ల కిందటి మాట, నాకు ఏడాదిన్నర తర్వాత పనికొచ్చింది.

---

బొగ్గుపొడి · గురువారం ఉదయం

రాత్రిరంగులు గారూ, మీ అనుభవాన్ని కాదనను. ఒక్క మాట దగ్గర మాత్రం నాకు ఒప్పుదల లేదు. పరిశీలన వేరు, సొంత బొమ్మ వేరు అన్నట్టు వినిపిస్తోంది.

స్విస్ శిల్పి జియాకొమెట్టి 1925 ప్రాంతంలో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పనిచేయడం మానేశాడు. కనిపించింది చేతికి రావడం లేదని. దాదాపు పదేళ్లు ఊహ నుంచే శిల్పాలు చేశాడు, పేరు కూడా వచ్చింది. 1935లో మళ్లీ మోడల్ ముందు కూర్చున్నాడు. అప్పటిదాకా వెంట ఉన్న సర్రియలిస్టులు, అంటే కలల్లోంచి ఊహల్లోంచి బొమ్మలు చేసే కళాకారులు, దాన్ని వెనకడుగు అనుకున్నారు, ఆ గుంపుతో తెగిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి తలలే చేశాడు. చేసినవి చేసినట్టే పోయేవి, కొన్ని విగ్రహాలు అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నవైపోయాయి. ఇవాళ మనకు తెలిసిన ఆ సన్నని, పొడుగాటి మనుషులు ఆ చూపులోంచే వచ్చారు.

వాన్ గో సంగతి కూడా చూడండి. నేర్చుకునే రోజుల్లో, 1880 దశకం మొదట్లో, బార్గ్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు తయారుచేసిన డ్రాయింగ్ పాఠాల అచ్చు బొమ్మలు శ్రద్ధగా కాపీ చేశాడు. 1890లో, బతికిన చివరి ఏడాదిలో, అవే పాఠాల బొమ్మలను మళ్లీ తెప్పించుకోవాలనుకున్నాడు, మళ్లీ కాపీ చేశాడు. అప్పటికి ఆయన వేయగలిగినవేమిటో మనందరికీ తెలుసు. అలాంటివాడు మళ్లీ పాఠం ముందు కూర్చోవడాన్ని దాక్కోవడం అనగలమా?

సగంబొమ్మ గారి విషయంలో తేడా ఒక్కటే. ఆ సాధన ఆ బొమ్మ కోసం జరగలేదు. మోకాలు తెలిసిన రోజున ఆవిడ రాసిన నాలుగు వాక్యాలు చూడండి, ఎంత ఉత్సాహంగా ఉన్నాయో.

---

రాత్రిరంగులు · గురువారం రాత్రి

జియాకొమెట్టి గురించి తెలియదు, చెప్పినందుకు సంతోషం. ఆ ఉత్సాహం నేనూ గమనించాను. సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను: మోకాలి సమస్య కూడా ఉంది. కానీ అది ఒక్కటే కాదని మాత్రం ఇప్పటికీ అంటాను.

---

పాతరాతి · శుక్రవారం ఉదయం

ముల్లు తీసుకునే పోజు అనగానే నాకు వరసగా నాలుగు గుర్తొచ్చాయి. రోమ్‌లోని కాపిటొలైన్ మ్యూజియంలో ఒక కంచు విగ్రహం ఉంది, బండ మీద కూర్చుని పాదంలో ముల్లు తీసుకునే కుర్రాడు. 1471లో పోప్ నాలుగో సిక్స్టస్ నగరానికి ఇచ్చిన కంచు విగ్రహాల్లో అదొకటి. అంతకన్నా ముందే, 1401లో ఫ్లోరెన్స్ బాప్టిస్టరీ (బాప్తిస్మాల మందిరం) తలుపుల పోటీకి శిల్పి బ్రూనెల్లెస్కీ చేసిన ఫలకంలో ఒక మూల అదే పోజులో ఒక మనిషి కూర్చుని ఉంటాడు. మన దగ్గర ఖజురహో పార్శ్వనాథ ఆలయం గోడ మీద ముల్లు పోజులో ఉన్న సుందరి ఉంది, నడుము మెలికతో. ఇక రవివర్మ శకుంతల సరే సరి, ముల్లు నెపంతో వెనక్కి తిరిగి చూస్తుంది.

నేనైతే ఆ కంచు కుర్రాడిని నాలుగు వైపుల నుంచి కాపీ చేస్తాను. ఫోటోలు అన్ని కోణాల్లోనూ దొరుకుతాయి, విగ్రహం కదలదు, కాళ్లు తిమ్మిరెక్కాయనదు.

---

సగంబొమ్మ · శుక్రవారం రాత్రి

పాతరాతి గారూ, అవన్నీ చూశాను. చూశాక ఇంకో దిగులు పట్టుకుంది. ఇంతమంది ఇంత గొప్పగా చేసేసినదాన్ని నేను మళ్లీ ఎందుకు వేయాలి?

---

రబ్బరుముక్క · శుక్రవారం రాత్రి

ఒకటి అడగనా? ఆ నాలుగింటిలోనూ చిన్నపిల్ల లేదు కదా. మీ బొమ్మలో ఎందుకుంది?

---

సగంబొమ్మ · శనివారం, తెల్లవారుజామున

రాత్రంతా ఈ ప్రశ్నే తిరిగింది.

ఆ పిల్ల నేనే. ఆవిడ మా అమ్మ. నాకు ఐదేళ్లో ఆరేళ్లో ఉంటాయి. అమ్మ పిన్నీసు తీసి ముల్లు చుట్టూ కెలుకుతోంది. నాకు భయమేసి ఏడుస్తున్నాను, ముల్లు దిగింది అమ్మకు, ఏడుపు నాకు. అమ్మ తలెత్తకుండానే "ఏం కాదులేవే, అయిపోయింది" అంటోంది. అమ్మ ఇప్పుడు లేదు.

ఇంతకుముందు రాయనిది ఒకటి ఉంది. తొమ్మిది సార్లూ నేను ఆగిపోయింది ముఖం దగ్గర. పాదం అనుకున్నాను, పాదం కూడా నిజమే, కానీ అది చెరిపాక మళ్లీ గీసేదాన్ని. ముఖం చెరిపాక మాత్రం కాగితం పక్కన పెట్టేసేదాన్ని. ఆ రోజు ఆవిడ ముఖం ఎలా ఉందో నాకు గుర్తు రావడం లేదు. ఎంత తలుచుకున్నా పాపిడి గుర్తొస్తోంది, జడ ముందుకు జారి ఒళ్లో పడటం గుర్తొస్తోంది. ముఖం రావడం లేదు. ఫోటో చూసి వేస్తే ఫోటోలో అమ్మ వస్తోంది.

---

రాత్రిరంగులు · శనివారం ఉదయం

మీరు రాసింది మూడు సార్లు చదివాను.

ముఖం గుర్తు లేకపోవడం మరపు కాదండీ. మీరు నిలబడి ఉన్నారు, అమ్మ కూర్చుని తల దించుకుని ఉంది. మీ ఎత్తు నుంచి ముఖం కనిపించే వీలే లేదు. పాపిడే కనిపిస్తుంది. మీకు సరిగ్గానే గుర్తుంది.

మరి మీ తొమ్మిది బొమ్మల్లో చూసేవాళ్లు ఎక్కడున్నారు? పక్క నుంచి, కొంచెం దూరంగా, ఇద్దరూ కనిపించేలా వేసి ఉంటారనుకుంటున్నాను. అక్కడ ఎవరూ లేరు కదా ఆ రోజు. ఆ పిల్లను బొమ్మలోంచి తీసేసి, ఆ పిల్ల కళ్లలోంచి చూస్తే?

---

సగంబొమ్మ · శనివారం ఉదయం

అవును. తొమ్మిదీ పక్క నుంచే.

ఇప్పుడే మొదలుపెడతాను. మళ్లీ వస్తాను.

---

ఎముకలగూడు · శనివారం మధ్యాహ్నం

వెళ్లేముందు ఇది చదువుకోండి, పై నుంచి చూసే బొమ్మ తేలిక కాదు. తల ఒక గుడ్డు అనుకోండి. పై నుంచి చూస్తే నడినెత్తే పెద్దగా ఉంటుంది, నుదురు కొంచెం, ముక్కు కొన మాత్రం బయటికి రావచ్చు, మెడ ముందు భాగం పూర్తిగా దాగిపోతుంది. భుజాలు తలకు దాదాపు ఆనుకున్నట్టు కనిపిస్తాయి. అక్కడ అలవాటు కొద్దీ మెడ గీశారంటే బొమ్మ మొత్తం పాడవుతుంది. భుజాల మీద, తొడల మీద చీర అంచులో గాజులో తిరిగే గీతలు మీ వైపు ఉన్న అంచున కిందికి వంగాలి, అప్పుడే పై నుంచి చూస్తున్నట్టు తెలుస్తుంది.

---

నిలువుగీత · శనివారం రాత్రి

సరిగ్గా ఎదురుగా నిలబడితే దించిన తల చేతుల్ని కప్పేస్తుంది, పిన్నీసు కనిపించదు. ఏ పక్క నిలబడ్డారో గుర్తు తెచ్చుకోండి. అడుగు పక్కకు జరిగితే చాలు. దగ్గరి తల పెద్దదిగా, దూరపు పాదం చిన్నదిగా రావాలి కదా అని కొలతకు కట్టుబడి కూడా పోవద్దు. ఇటలీ చిత్రకారుడు మాంటెన్యా చనిపోయిన క్రీస్తును పాదాల వైపు నుంచి వేసినప్పుడు, మనకు దగ్గరగా ఉన్న పాదాలను లెక్క ప్రకారం రావలసినదానికన్నా చిన్నవిగా వేశాడు. అవి లెక్క ప్రకారం ఉంటే ముఖాన్ని మింగేసేవి. మీ బొమ్మలో పాదం ముఖ్యం. అవసరమైతే దాన్ని కాస్త పెంచండి.

---

సగంబొమ్మ · మూడు వారాల తర్వాత, ఆదివారం

వచ్చాను.

మొదటి రోజు అగ్గిపెట్టె గళ్లు 20 అనుకున్నాను, 14 దగ్గర ఆగిపోయాను. 14వ దాంట్లో తల పైమూలలో ఉంది, జడ మధ్యలో కిందికి జారింది, పాదం కింద కుడివైపు. అదే ఉంచేశాను. నేను ఎడమ పక్కన నిలబడ్డాను. ఎలా తెలిసిందంటే, పిన్నీసు పట్టుకున్న కుడిచెయ్యి నాకు జడ అవతల, సగమే కనిపిస్తున్నట్టు గుర్తుంది.

తర్వాత మా అక్కను కూర్చోమన్నాను. ఎందుకో చెప్పాను. ఏమీ మాట్లాడకుండా జడ వేసుకుని వచ్చి కూర్చుంది. నేను స్టూలు మీద నిలబడి గీశాను. పది నిమిషాలకోసారి ఆపుతూ నాలుగు సార్లు, మొత్తం 40 నిమిషాలు. లేచేసరికి దాని కాలు తిమ్మిరెక్కింది. భుజాలు నిజంగానే తలకు ఆనుకుని ఉన్నాయి. మెడ గీయబోయి ఆగాను. పాదం విడిగా, అద్దంలో నా పాదమే చూసి, ఐదు కాగితాల మీద గీశాను. మడమ మీద చర్మం ముడతలు గీస్తుంటే మొదటిసారి గంట గడిచినట్టు తెలియలేదు.

ఇప్పుడు పెద్ద కాగితం మీద బొగ్గుతో వేస్తున్నాను. మొత్తం రుద్ది, వెలుగును రబ్బరుతో తీస్తూ. పాపిడి దగ్గర రబ్బరు అంచుతో ఒక్కసారి లాగాను. తెల్లగా, సన్నగా వచ్చింది. దాన్ని ఇంక ముట్టుకోలేదు. ముఖం లేదు, నుదుటి అంచు మాత్రం ఉంది.

ఒక్కటి కుదరడం లేదు. ఎడమచేత్తో పాదాన్ని పట్టుకుని ఉంది కదా, ఆ బొటనవేలు పాదం మీద ఆనించినట్టు ఉంటోంది గానీ నొక్కినట్టు రావడం లేదు. పట్టు కనిపించడం లేదు. ఏం చేయాలి?

---

బొగ్గుపొడి · ఆదివారం రాత్రి

గోరు చూడండి. గట్టిగా నొక్కినప్పుడు బొటనవేలి చివరి కణుపు వెనక్కి వంగుతుంది, గోరు కింద రంగు తెల్లబడుతుంది. బొగ్గులో అయితే అక్కడ కొంచెం వెలుగు తీయండి. ఇక నొక్కిన చోట పాదం చర్మం లోపలికి దిగి, పక్కన కాస్త ఉబ్బుతుంది. చేతికి నీడ పెట్టడం కన్నా ముందు పాదానికి ఆ గుంట పెట్టండి. పట్టు చేతిలో కనిపించదు, పట్టుబడినదానిలో కనిపిస్తుంది. మీ అక్కగారిని ఇంకోసారి కూర్చోబెట్టనక్కర్లేదు, మీ పాదాన్ని మీరే పట్టుకుని చూడండి.

---

కొత్తపెన్సిల్ · ఆదివారం రాత్రి

అక్కా, అయ్యాక ఇక్కడ పెడతారా?

---

సగంబొమ్మ · ఆదివారం రాత్రి

పెడతాను. ముందు మా అక్కకు చూపించాలి.

బొగ్గుపొడి గారూ, ఇప్పుడే పట్టుకుని చూశాను. గుంట నిజంగానే ఉంది, బొటనవేలి కింద, చిక్కుడు గింజంత. వెళ్లి అది గీస్తాను.